కిలోమీటరుకు ఏడు చుట్లు

మారుతి జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైరు 195/80 ఆర్15. వెనక రెండూ అరిగినప్పుడు, లావుగా కనిపిస్తాయని అదే రిమ్ముకు 215/75 ఆర్15 వేయించేవాళ్లున్నారు. ముందువి పాతవే. ‘ఆ, సెంటీమీటరు తేడాయేగా!’ అంటారు.

నిజమే. 195 మి.మీ. వెడల్పులో 80 శాతం 156. పైనా కిందా కలిపి 312. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. మొత్తం ఎత్తు 693 మి.మీ. రెండోది ఇదే లెక్కన 703.5. ఇక చుట్టుకొలత చూడండి: ముందు చక్రం ఒక చుట్టుకు 2,177 మి.మీ. పోతే వెనకది 2,210 పోతుంది. కిలోమీటరు గడిచేసరికి ముందుది దాదాపు 7 చుట్లు ఎక్కువ తిరగాలి.

ఇంజను బలం వెనక చక్రాలకే అందే 2హెచ్‌లో ఆ ఏడు చుట్లతో గొడవ లేదు, ముందు చక్రాలు వాటి దారిన అవి తిరుగుతాయి. జిమ్నీ, థార్ లాంటి బండ్లలో ముందు వెనక ఇరుసుల మధ్య వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. నాలుగు చక్రాలకూ బలమిచ్చే 4హెచ్ వేయగానే, ఆ బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు వెనక ఇరుసులకు పోయే రెండు షాఫ్టులనూ ఒకే వేగానికి బిగిస్తుంది. తేడా ఎక్కడో ఒకచోట తీరాలి. పాడేరు ఏజెన్సీ మట్టిబాటల్లో, వానాకాలపు బురదలో, టైరు కాస్త జారి తీర్చేస్తుంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కే తారు రోడ్డు జారనివ్వదు. షాఫ్టులు మెలిపడతాయి, స్టీరింగు బరువెక్కుతుంది, లివరు 4హెచ్ నుంచి రానని మొరాయిస్తుంది. (బలంగా లాగకండి, తిన్నగా కొద్ది అడుగులు రివర్స్ చేస్తే చాలాసార్లు వదులుతుంది.) మలుపులో ముందు చక్రాలు ఎటూ ఎక్కువ దూరం పోతాయి గనుక, నాలుగూ ఒకే సైజైనా పొడి తారు మీద 4హెచ్ తప్పే. సైజు తేడా ఉంటే తిన్నని రోడ్డు మీదా అదే బాధ.

మరి ట్రాక్టరుకు ముందు చిన్నవి, వెనక పెద్దవి కదా? ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరులో ఆ తేడాకు సరిపడా గేర్లు అమరుస్తారు. పైగా పొలంలో లాగుడు కోసం ముందు చక్రాలు 1 నుంచి 5 శాతం వేగంగా తిరిగేలా పెడతారు. దాన్నీ తారెక్కించి ఫోర్ వీల్‌లో నడిపితే ముందు టైర్లు త్వరగా అరుగుతాయి.

నాకు ఎక్కువ అనుమానం ఒకే సైజు టైర్ల మీదే. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మి.మీ., చట్టం ఒప్పుకునే కనిష్ఠం 1.6. ముందు అరిగినవి, వెనక కొత్తవి అయితే ఎత్తులో తేడా 12.8 మి.మీ. దాకా వస్తుంది, లావు టైరు తెచ్చిన 10.5 కన్నా ఎక్కువ! బరువుకు టైరు నొక్కుకుంటుంది కాబట్టి రోడ్డు మీద అచ్చంగా అంత పడకపోవచ్చు. అయినా అంకెలు ఒకటేనన్న ధీమా పనికిరాదు.

వంజంగికో లంబసింగికో బయల్దేరేముందు టైరు మీద సుద్దగీత గీసి, బండిని ఒక చుట్టు తోసి, నేల మీద టేపుతో కొలవండి. ముందు వెనకల తేడా 20 మి.మీ. దాటితే నాలుగూ మార్చండి. మార్చినా మార్చకపోయినా 4హెచ్‌ను బురదకే ఉంచండి.