పేరిత కంకి కోస్తే పోయేదేంది?

నాయుడుపేటలో బస్సెక్కి తిరుపతికి పోతే రేణిగుంట కాడ కొండలు కనిపిస్తాయి గదా. ఆ కొండలంటే మనకు ఏడుకొండలవాడు, ఆపైన ఎర్రచందనం. పేరిత అనే చెట్టు కూడా ఆడే ఉండాది. చూసేదానికి పొట్టి ఈతచెట్టు మాదిరి ఉంటాది. శాస్త్రంలో సైకాస్ బెడ్డోమి అంటారు. శేషాచలం, దాన్ని ఆనుకున్న కడప కొండలు తప్పిస్తే ప్రపంచంలో ఇంకెక్కడా ఇది తనంతట తాను పెరగదు.

దీనికి పువ్వు పూయదు. మగచెట్టు వేరే, ఆడచెట్టు వేరే. మగచెట్టు నడినెత్తిన పెద్ద కంకి వస్తాది. దాంట్లో పుప్పొడి ఆడచెట్టుకు చేరితేనే గింజ. ఆ కంకినే బలం మందని కోసి అమ్ముతారు. చెట్టు చావదు గదా, ఏం నష్టం అంటారు. పుప్పొడి రాలకముందే కోస్తే ఆడచెట్టుకు గింజ పట్టదు. ముసలి చెట్లు నిలబడే ఉంటాయి, పిల్లచెట్లు రావు. అడవికి నిప్పంటుకుంటే ముదురు మాను మళ్లీ చిగురేస్తాది, మొలక మాడిపోతాది.

1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు వచ్చినాయి. సైటిస్ ఒప్పందం మొదటి జాబితాలో పేరిత ఉండాది. అంటే అడవిలోది దేశం దాటించి వ్యాపారం చేయకూడదు. సరే, మన ఊరి అంగడి సంగతేంది? ఎర్రచందనం దుంగ దొరికితే పేపర్లో ఫొటో పడతాది. సంచిలో పోయే కంకిని ఎవురు అడుగుతారు?

కూలికి కోసేవోడి మీద కేసు పెడితే సరిపోదు. కొనేవోళ్లుంటే కోసేవోళ్లు ఉంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ మందు కొనబాకండి.