ఎర్రపోగులు, తెల్లపోగులు

ఈసారి ఇంట్లో కోడి కోసినప్పుడు ముక్కలు దగ్గరగా చూడు బుజ్జీ. తొడ ముక్క ఎర్రగా, ముదురుగా ఉంటుంది. రొమ్ము ముక్క తెల్లగా పాలిపోయి ఉంటుంది. కోడి పొద్దస్తమానం నడుస్తూనే ఉంటుంది కదా, ఆ కాళ్ళకి అలసిపోకుండా పనిచేసే పోగులు కావాలి. వాటిలో ఆక్సిజన్ దాచిపెట్టే మయోగ్లోబిన్ దండిగా ఉంటుంది. ఆ ఎరుపు దానిదే. రెక్కలు మాత్రం కుక్క తరిమితేనో, గోడ ఎక్కాలంటేనో టపటపా కొట్టుకుని ఊరుకుంటాయి. వాటిని ఆడించే రొమ్ము కండలో తెల్లపోగులు ఉంటాయి. అవి చటుక్కున బలం చూపిస్తాయి, అంతే తొందరగా అలిసిపోతాయి.

మన కండల్లో ఈ రెండు రకాలూ కలగలిసే ఉంటాయి. ఏవి ఎక్కువన్నది కొంత పుట్టుకతో వచ్చేది, కొంత మనం చేసే పనిని బట్టి మారేది.

తెల్లపోగుల్లో ఆల్ఫా ఆక్టినిన్-3 అనే ప్రొటీన్ ఒకటుంది. దాన్ని తయారుచేయించే జన్యువు ఏసీటీఎన్-3. ప్రపంచంలో వంద కోట్లమందికి పైగా ఆ జన్యువు పనిచేయదు. అయినా వాళ్ళకి ఏ జబ్బూ ఉండదు, ఆ సంగతి తెలియను కూడా తెలియదు. 2003లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పేరున్న క్రీడాకారుల్ని పరీక్షిస్తే, పొట్టి పరుగుల వాళ్ళలో అలాంటివాళ్ళు బహు అరుదుగా కనిపించారు. ఇంకేం, దానికి స్పీడు జన్యువని పేరొచ్చింది. మీ పిల్లల ఉమ్మి పంపండి, ఏ ఆటకి పనికొస్తారో చెబుతామనే కంపెనీలూ పుట్టుకొచ్చాయి. ఇది నాకు బొత్తిగా నచ్చదు. స్పెయిన్‌లో ఒక లాంగ్‌జంప్ ఆటగాడికి ఆ ప్రొటీన్ లేనేలేదు. అయినా ఎనిమిది మీటర్లు దాటి దూకాడు, రెండుసార్లు ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. బలానికీ దమ్ముకీ ఎన్నెన్నో జన్యువులు తలా ఒక చెయ్యి వేస్తాయి. ఒక్కదాన్ని పట్టుకుని పిల్లల తలరాత రాసెయ్యడం అన్యాయం.

అయితే సాధన చేస్తే అందరికీ ఒకేలా ఫలిస్తుందనీ అనుకోకు. అమెరికా, కెనడాల్లో హెరిటేజ్ పేరుతో కుటుంబాల మీద పెద్ద పరిశోధన జరిగింది. వ్యాయామం అలవాటు లేని తల్లిదండ్రుల చేతా పిల్లల చేతా 20 వారాలు ఒకే పద్ధతిలో సైకిల్ తొక్కించారు. ఒళ్ళు ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ముందూ వెనకా కొలిచారు. సగటున నిమిషానికి 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. కొందరికి లీటరు పైనే పెరిగితే, కొందరికి దాదాపు ఏమీ పెరగలేదు. ఒకే ఇంటివాళ్ళ ఫలితాలు మాత్రం దగ్గరదగ్గరగా ఉన్నాయి. కాబట్టి నీ స్నేహితురాలు నెల తిరక్కుండానే గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు కొడుతుంటే, నువ్వు రెండింటికే రొప్పుతున్నావంటే, అది నీ బద్ధకం కాదమ్మా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1990లో బోస్టన్‌లో జరిగిన పని. ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ళున్న పదిమందిని ఎంచుకుని, ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేసి నడిచారు! తొడ కండ మాత్రం 9 శాతమే పెరిగింది. మరి మిగతా బలం ఎక్కడిది? చాలావరకు నరాలది. మూలపడి ఉన్న పోగుల్ని కూడా ఒక్కసారిగా పనిలోకి దింపడం వాటికి అలవాటైంది.

మీ నానమ్మ కుర్చీ దిగడం లేదు కదా. డాక్టరుగారిని ఒకమాట అడిగి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టిద్దాం. మొదట్లో రోజుకి అయిదుసార్లు చాలు. పక్కన నువ్వు నిలబడు, నీ మాటయితే వింటుంది.