కొనువాడు రాకముందే కట్టిన ఇల్లు

సికిందరాబాదులో బన్సీలాల్‌పేట్ అను పేట కలదు. ఆ పేరు రాకముందు ఆ చోటును నాగన్నకుంట అని పిలిచెడివారు. పేరులోనే నీరున్నది. 1933వ సంవత్సరమున ఆ పల్లెను తిరిగి కట్టిరి. హైదరాబాదునందు బ్రిటిషు రెసిడెంటుగా నుండిన టి. హెచ్. కీస్ దొర ఆ పనికి పూనుకొనగా, సేట్ బన్సీలాల్ ధనము సమకూర్చెను. కొత్త ఇండ్లు లేచినవి, పేరు మారినది. ధనమిచ్చినవాని పేరు పేటకు నిలిచినది. ఇటుక పేర్చిన మేస్త్రీల పేర్లు నిలువవు గదా! ఏ ఊరనైనను అంతే.

ఇండ్లకు ముందే అక్కడ ఒక మెట్లబావి ఉండెను. అది మూడు శతాబ్దుల నాటిదని చెప్పుదురు. సుమారు 50 అడుగుల లోతున, అంచెలంచెలుగా మెట్లు దిగి నీటిని ముట్టునట్లు రాతితో కట్టిన బావి అది. కుళాయిలు వచ్చిన పిదప బావితో పని తీరినదని జనులు తలచిరి. పని తీరిన బావి చెత్తకుండీ యగుట మన ఊళ్ళలో వింత కాదు. దశాబ్దముల పాటు మట్టియు, చెత్తయు, కూలిన గోడల రాళ్ళును అందులో పడినవి. ‘ది రెయిన్ వాటర్ ప్రాజెక్ట్’ అను సంస్థవారును, నగరపాలక సంస్థవారును కలిసి పూడిక తీయించి బాగుచేయగా, 2022 డిసెంబరు 5వ తేదీన ఆ బావి మరల ప్రజల చూపునకు వచ్చినది. పూడిక తీసినకొలది ఊట పైకి వచ్చెను. నీరు ఎక్కడికిని పోలేదు. మనుష్యులే దానిని మరచిరి.

1933లో లేచిన ఆ ఇండ్లు అందుండినవారు కోరి కట్టించుకొన్నవి కావు. మరియొకరు తలచి, గీసి, కట్టి ఇచ్చినవి. నేడు పల్లెలలో తక్కువ పెట్టుబడితో ఇండ్లు కట్టి అమ్ముకొను చిన్న మేస్త్రీలు చేయు పనియు ఒక విధముగా ఇట్టిదే. అక్కడ దాత, ఇక్కడ వ్యాపారి. అక్కడ దానము, ఇక్కడ అమ్మకము. ఉండబోవువాడెవడో ఎరుగకుండ ఇల్లు కట్టవలసివచ్చుట మాత్రము రెండింటికిని సమానము.

మన భాషలో “ఆయన ఇల్లు కట్టుకొన్నాడు” అందురు. నిజమునకు కట్టినది తాపీ మేస్త్రియు, వడ్రంగియు, మట్టి మోసిన కూలీలును. అయినను ఆ మాటలో అబద్ధము లేదు. పునాది తీసిన దినము మొదలు గడప నిలుపువరకు ఇంటివాడు అక్కడే యుండెడివాడు. ఇల్లాలు మధ్యాహ్నము వచ్చి, వంటింటి కిటికీ ఇంకొక జానెడు పైకి ఉండవలెనని చెప్పెడిది. ముసలితల్లి మెట్టు ఎత్తైనదని గొణిగెడిది. మేస్త్రి విసుగుకొనుచునే కట్టిన వరుసను ఊడదీసెడివాడు. కాగితముమీద ప్లాను లేని ఆ రోజులలో ఇంటివారి సణుగుడే ప్లాను అని చెప్పినను తప్పులేదు.

కాగితము లేదన్నంతమాత్రమున లెక్క లేదని తలపరాదు. మేస్త్రి ముందుగా నేలమీద సున్నపు ముగ్గుతో గదులు గీసెడివాడు. ఇంటివారు ఆ గీతల నడుమ నడిచి చూచుకొనెడివారు. మూల సరిగా వచ్చుటకు త్రాటిని ఒక వైపు 3 మూరలు, వేరొక వైపు 4 మూరలు కొలిచి, ఆ రెండు కొసల నడుమ దూరము 5 మూరలు వచ్చునట్లు సవరించెడివాడు. బడిలో పైథాగరస్ పేర బోధించు సిద్ధాంతమును, ఆ పేరు విననివాడు దినదినము పునాదిలో వాడుచుండెను. గణితోపాధ్యాయులు పిల్లలను ఒకసారి పునాది తీయు చోటికి తీసికొనిపోయినచో, నల్లబల్లమీద గంటసేపు చెప్పు పాఠము పది నిమిషములలో బోధపడును.

ఆయము లెక్క ఇంకను వినోదకరమైనది. ఇంటి పొడవును వెడల్పుతో గుణించి, వచ్చినదానిని 9తో హెచ్చవేసి, 8తో భాగించి, మిగిలిన శేషమును చూచుదురు. శేషము 1 ఐనచో ధ్వజాయము, 3 సింహాయము, 5 వృషభాయము, 7 గజాయము, ఇవి మంచివి. సరిసంఖ్యలు మిగిలినచో ధూమము, శ్వానము మొదలగు చెడ్డ ఆయములు. 27 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పుగల ఇంటి వైశాల్యము 891. దానిని 9తో హెచ్చించినచో 8019. 8తో భాగించగా మిగులునది 3, అనగా సింహాయము. విద్యార్థులు ఒక విషయము పరిశీలింపవచ్చును. 9తో హెచ్చవేయకుండ 891నే 8తో భాగించినను శేషము 3యే. ఏ సంఖ్యకైనను ఇంతే, ఏలయన 9లో 8 పోగా మిగులునది 1. మరియు శేషము బేసి కావలెనన్నచో పొడవు వెడల్పులు రెండును బేసిసంఖ్యలే కావలెను. కావున ఇంత తతంగమునకును ఫలితము ఒక్కటే: రెండు కొలతలును బేసిగా పెట్టుకొనుము! శాస్త్రమను నమ్మకముండువారు నమ్ముదురు, లేనివారు నవ్వుదురు. ఇంటివాడును మేస్త్రియు కలిసి కూర్చుండి కొలతలు తేల్చుకొనుటకు అదియొక నెపమైనదన్నది మాత్రము నిజము.

వస్తువులును ఊరినిబట్టియే యుండెను. తెలంగాణపు పాత ఇండ్లలో నడుమ ఆకాశము కనబడు భవంతి, చుట్టును వసారాలు, పైన గూనపెంకు. గోదావరి జిల్లాలలో మండువా లోగిలి. రాయలసీమలో రాతిగోడలపై మిద్దె. దాని కప్పుపై పరచు చవుడుమన్ను వాన నీటిని లోనికి దిగనీయదు. ఉత్తరాంధ్ర తీరమున చుట్టిల్లు. గుండ్రని గోడను గాలి చుట్టిపోవునే గాని కొట్టి పడగొట్టదు. ఎద్దు త్రిప్పు గానుగలో సున్నమును ఇసుకతో నూరి డంగుసున్నము చేసెడివారు. దానికి దినములు పట్టెడివి. తొందరపడువానికి ఆ పని పనికిరాదు.

తరువాత సిమెంటు వచ్చినది, ఇనుము వచ్చినది. వానితోబాటు అన్ని ఊళ్ళకు ఒకే ఇల్లు వచ్చినది. హైదరాబాదు చుట్టునుగల శామీర్‌పేట, కీసర, మేడ్చల్, ఘట్‌కేసర్ ప్రాంతములలో పొలములు ప్లాట్లయినవి. నగరములో ఉద్యోగము చేయువారికి పల్లెలో ఒక ఇల్లు కావలెనను కోరిక పుట్టినది. నిన్నటివరకు దినకూలికి తాపీ పట్టినవాడు, నలుగురి వద్ద అప్పు తెచ్చి 200 గజముల స్థలము కొని, ఇల్లు కట్టి అమ్మజూచుచున్నాడు. ఇది తక్కువగా చూడదగిన పని కాదు. ఒకరిక్రింద పనిచేసినవాడు తానే యజమానియగుటకు పల్లెలో ఉన్న కొద్ది మార్గములలో ఇదియొకటి.

అయితే వాని మెడమీది కత్తిని చూడవలెను. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ చొప్పున 20 లక్షలు తెచ్చినాడనుకొనుడు. నెలకు వడ్డీ 40,000 రూపాయలు. కట్టిన ఇల్లు అమ్ముడుపోక 6 నెలలు నిలిచినచో 2,40,000 రూపాయలు గాలికి పోయినట్లే. వాని లాభము తరచుగా అంతకన్న పెద్దది కాదు. కావున వాడు తొందరపడును. తొందర ఎక్కడ చూపును? కనబడు చోట కాదు. ముందరి గోడకు రంగు, గడపకు నగిషీ, మెరుగు బండలు, ఇవి కొనువాని కంటికి మొదట తగులునవి, వానియందు తగ్గింపడు. సిమెంటు పనికి కనీసము 7 దినములు, ఎండకాలమున అంతకన్న ఎక్కువ, తడి ఆరకుండ నీరు పట్టవలెను. ఆ నీరు ఎవరికిని కనబడదు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు ముడుచుకొనును. అట్టి నేలలో పునాది లోతుగా పోవలెను. ఆ లోతును ఎవరును దిగి చూడరు. పూర్వము ఇంటివాడు గట్టున నిలిచి చూచుచుండెను. అమ్మకపు ఇంటికి గట్టున నిలుచు ఇంటివాడే లేడు.

నీటి లెక్క మరియు కష్టము. మరుగుదొడ్డి నీరు ఇంకు గుంటకును, త్రాగునీటి బావికిని నడుమ 18 మీటర్లు, అనగా సుమారు 60 అడుగుల ఎడముండవలెనని భారత ప్రమాణములు చెప్పుచున్నవి. 200 గజముల స్థలమును 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవుగా కొలిచినారనుకొనుడు. ఒక మూలనుండి ఎదురుమూలకు దూరము 67 అడుగులు. బోరు ఒక మూలను, గుంట ఎదురుమూలను పెట్టి, నడుమ ఇల్లు ఇరికించినచో లెక్క సరిపోయినట్లే తోచును. కాని ఆ మూలకు ఆనుకొని పొరుగువాని స్థలమున్నది. అందు వాని గుంట ఉన్నది. ఈ ప్లాటు కొలత తప్పక పాటించిన మేస్త్రి సయితము పొరుగు ప్లాటు మేస్త్రిని అడుగకున్నచో ఆ కొలతకు అర్థము లేదు. ఇల్లు ప్లాటు హద్దులలో నిలుచును, నీరు హద్దులెరుగదు. నాగన్నకుంటలో బావి ఒక ఇంటిది కాదు, ఊరిది. చిన్న మేస్త్రి చేతిలో ఊరు లేదు, 200 గజములు మాత్రమే కలవు. ఈ వృత్తికిగల అసలు చిక్కు ఇదియే.

చట్టము ఎంతవరకు ఆదుకొనును? ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి రాష్ట్రముగా నున్నప్పుడు 2002లో వచ్చిన ‘వాల్టా’ చట్టము నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉద్దేశింపబడినది. బోరుబావుల త్రవ్వకముపై అదుపును, వాననీటిని ఇంకించు కట్టడములను గూర్చి అందు నియమములు కలవు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము ఇంకొక వైపు కొనువానిని కాపాడజూచినది. కట్టడమున లోపము కనబడి, స్వాధీనపరచిన 5 ఏండ్లలోపల తెలిపినచో, నిర్మాత 30 దినములలో సొంత ఖర్చుతో బాగుచేయవలెనని అందున్నది. అయితే 500 చదరపు మీటర్లకు మించని స్థలములో కట్టువారికిని, 8కి మించని ఇండ్లు కట్టువారికిని ఆ చట్టము క్రింద పేరు నమోదు అక్కరలేదు. ఒకటి రెండు ఇండ్లు కట్టు పల్లె మేస్త్రి ఆ వల కన్నులలోనుండి జారిపోవును. వానికి కాగితముల భారము తప్పినది, మంచిదే. కొనువానికి మాత్రము మేస్త్రి ఊరిలో సంపాదించుకొన్న పేరే పూచీ. ఊరివాడు కొన్నచో ఆ పూచీ గట్టిది, ఏలయన రేపు రచ్చబండ వద్ద ఇద్దరును ఎదురుపడవలెను. నగరమునుండి ఆదివారము కారులో వచ్చి చూచిపోవువానికి రచ్చబండ లేదు.

మంచి మనస్సు, మంచి విద్య ఉన్నను ఉండబోవువానిని అడుగనిచో ఏమగునో చూపు కథ ఒకటి ఈజిప్టులో జరిగినది. హసన్ ఫతీ అను వాస్తుశిల్పి 1940ల నడుమ లక్సోర్ దగ్గర కొత్త గుర్నా అను గ్రామమును పచ్చి ఇటుకలతో, గుమ్మటపు కప్పులతో అతి సుందరముగా కట్టెను. వేడికి తగిన ఇండ్లు, తక్కువ ఖర్చు, స్థానికమైన మట్టి. వంక పెట్టుటకు వీలులేదు. కాని పాత గుర్నావారు అక్కడికి పోవ నొల్లరైరి. వారి బ్రతుకు పాత సమాధుల చెంత అల్లుకొనియున్నది. గ్రామము పూర్తి కాకుండనే పని నిలిచిపోయెను. ఆ ఇండ్లను చూచుటకు నేటికిని దేశదేశములనుండి శిల్పులు వత్తురు.

మన పొరుగున కేరళలో లారీ బేకర్ (1917–2007) వేరొక మార్గము త్రొక్కెను. ఇంటివారితో మాటాడి, స్థలముననే నిలిచి, చెట్టు అడ్డువచ్చినచో గోడను వంచి కట్టించెడివాడు. ఇటుకలను పక్కవాటుగా నిలిపి నడుమ ఖాళీ వదలు ‘ర్యాట్ ట్రాప్’ కట్టుబడిని ఆయన విరివిగా వాడెను. దానివలన నాల్గవవంతు ఇటుకలు మిగులును. నడిమి గాలి ఎండవేడిని అడ్డును. పల్లె మేస్త్రి నేర్చుకొనుటకు ఇందు కష్టమేమియు లేదు. కష్టమెల్ల పూతలేని ఇటుకగోడను చూచి “ఇల్లింకను పూర్తి కాలేదా?” యని అడుగు కొనుగోలుదారుతోనే.

2024లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకములో సొంత స్థలమున్నవారికి 5 లక్షల రూపాయల సాయము నాలుగు విడతలుగా, పునాదినుండి పైకప్పు దాటి ముగింపువరకు, పని సాగినకొలది అందునట్లు ఏర్పరచిరి. ఇందు ఇల్లు కట్టించుకొనునది ఇంటివారే. ఇల్లాలు మరల గట్టున నిలుచును, వంటింటి కిటికీ గూర్చి మరల మాటాడును. అమ్ముటకు కట్టు మేస్త్రియు ఇట్టి ఇంటికి కూలికి పోవుట కలదు. రెండు చోట్లను పనిచేయునది అదే చేయి.

గృహప్రవేశము నాడు మేస్త్రికి క్రొత్త బట్టలు పెట్టుట మన ఆచారము. ఇంటివాడు పీటవేసి కూర్చుండబెట్టి, పంచెయు కండువాయు చేతికిచ్చి, “నీ చేతి చలువ” అనును. అమ్మకపు ఇంటిలో పాలు పొంగు వేళకు మేస్త్రి సాధారణముగా అక్కడ ఉండడు. కొనినవారు వాని ముఖమును రిజిస్ట్రారు కార్యాలయములో ఒకమారు చూచియుందురు. ఆ వేళకు వాడు వచ్చిన డబ్బుతో అప్పు తీర్చి, మిగిలినదానితో మరియొక ఊర 200 గజములు బేరమాడి, ముగ్గు పోసి, త్రాటితో 3, 4, 5 కొలుచుచుండును.