మాంట్రోజ్: ఆరు విజయాలు, ఒక ఉరికంబం

జేమ్స్ గ్రాహం 1612లో పుట్టాడు. తండ్రి మరణంతో పద్నాలుగేళ్లకే మాంట్రోజ్ ఎర్ల్ అయ్యాడు. స్కాట్లండ్ చర్చిపై రాజు మొదటి చార్లెస్ కొత్త ప్రార్థనా విధానాన్ని రుద్దినప్పుడు, దాన్ని ఎదిరిస్తూ 1638లో వెలువడిన జాతీయ ఒడంబడికపై సంతకం చేశాడు. అయితే ఒడంబడిక పక్షం పెత్తనం మరో ప్రభువు ఆర్గైల్ చేతిలోకి పోతోందని గ్రహించి రాజు వైపు వచ్చాడు. దీన్ని ద్రోహమన్నవారున్నారు గానీ, మతస్వేచ్ఛ కోరడం వేరు, రాజును కూలదోయడం వేరన్నది అతని నమ్మకం.

1644లో రాజు అతణ్ని మార్క్విస్‌ను చేశాడు. ఐరిష్, హైలాండ్ సైనికులతో అతను ఏడాదిలో ఒడంబడిక సేనలపై ఆరు యుద్ధాలు గెలిచాడు. వాటిలో ఇన్వర్‌లోకీ అపూర్వం. 1645 ఫిబ్రవరిలో మంచు కొండలు దాటి, చన్నీళ్లలో కలిపిన ఓట్స్ పిండి తిని, తెల్లవారగానే శత్రువుపై పడ్డారు. ఆర్గైల్ పడవలోంచి తన సేన ఓటమి చూశాడు. అబర్డీన్‌లో మాంట్రోజ్ సైనికులు సాగించిన దోపిడీ, హత్యలు మాత్రం అతని పేరుకు చెరగని మచ్చ.

1645 సెప్టెంబరులో ఫిలిప్‌హాలో ఓడి, తర్వాత దేశం విడిచాడు. 1650లో మొదటి చార్లెస్ కొడుకు రెండో చార్లెస్ తరఫున తిరిగొచ్చి కార్బిస్‌డేల్‌లో ఓడి పట్టుబడ్డాడు. ఒడంబడిక పక్షంతో రాజీకి వచ్చిన ఆ రాజు అతణ్ని కాపాడలేదు. మే 21న ఎడిన్‌బరోలో ఉరితీశారు. అతని విజయాలను వర్ణించిన పుస్తకాన్ని మెడకు కట్టారు. తలను టోల్‌బూత్ జైలుపై గుచ్చారు. 1661లో దాన్ని దించి, సెయింట్ జైల్స్ చర్చిలో గౌరవంగా సమాధి చేశారు. అదే ఏడాది ఆ శూలానికి ఆర్గైల్ తల ఎక్కింది.