లెక్కల పుస్తకంలో నా కూలి

"నీకేందే అక్కా! పాలు ఇంట్లోవే, బియ్యం ఇంట్లోవే, కూరగాయలు పెరట్లోవే. నీకు ఖర్చేముంటది?"

హన్మకొండలో ఉండే మా చెల్లెలు పండక్కి వచ్చినప్పుడల్లా అనే మాట ఇది. అని ఊరుకోదు, పోతూ పోతూ అయిదు కిలోల కందిపప్పు, సీసాడు నెయ్యి సంచిలో సర్దుకుంటుంది. నేనూ నవ్వి ఊరుకుంటాను. అక్కాచెల్లెళ్ల మధ్య లెక్కలేంటి? కానీ ఈసారి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ముందురోజే మా ఇంట్లో లెక్కల పుస్తకం మీద పెద్ద గొడవైంది.

మాది ధర్మసాగర్. ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు హన్మకొండ జిల్లా. మా చెరువు గురించి మీకు తెలిసే ఉంటుంది. గోదావరి నీళ్లను గంగారం దగ్గర ఎత్తిపోసి, దేవాదుల పైపుల్లో కొండలూ గుట్టలూ దాటించి మా చెరువులోకి తెస్తారు. నగరంలో నల్లా తిప్పితే వచ్చే నీళ్లలోనూ మా చెరువు వాటా ఉంది. అయితే చెరువు పక్కనే ఉన్నంత మాత్రాన పొలాలన్నీ పచ్చగా ఉంటాయనుకునేరు! మాకున్నది మూడెకరాలు. చెరువు కింద ఒక ఎకరం మడి. మిగతా రెండెకరాలు ఎత్తు మీది చెలక. దానికి వానే దిక్కు. గట్టు మీద నిలబడి చూస్తే అవతల నిండు చెరువు కనిపిస్తూనే ఉంటుంది, ఇవతల మా పత్తిచెట్లు తల వేలాడేసుకుని ఉంటాయి.

పెళ్లై ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్లయింది. వచ్చిన కొత్తలో కరెంటు రాత్రిపూట వచ్చేది. రెండు గంటలకు టార్చిలైటు పట్టుకుని ఆయన బావి దగ్గరికి పోతే, తిరిగొచ్చేదాకా నాకు కంటి మీద కునుకుండేది కాదు. పాము కాటో, కరెంటు షాకో... ఏ కబురు వినాల్సొస్తుందోనని. 2018 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఆ భయం చాలావరకు తప్పింది. మంచిని మంచి అనే చెప్పుకోవాలి కదా.

ఇప్పుడు కొత్త బాధ కోతులు. మక్కజొన్న వేయడం మానేశాం. పల్లికాయ మానేశాం. పెరట్లో సొరపాదుకు కూడా పాతచీర కప్పి కాపలా కాస్తున్నాం. చెల్లెలు అనే ఆ 'పెరట్లో కూరగాయల'లో సగం కోతుల వాటా పోగా మిగిలినవే మాకు.

మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. పత్తి అంటే ఆమెకిప్పటికీ భయమే. 1997-98లో వరంగల్ జిల్లాలో పురుగు పడి పత్తి తుడిచిపెట్టుకుపోయింది. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. అప్పులు తీర్చలేక ఎంతోమంది రైతులు ఆ పురుగుమందే తాగారు. అప్పుడు మా మామగారు కూడా మందుడబ్బా పట్టుకుని చెలకకు పోతుంటే అనుమానమొచ్చి అత్తమ్మ వెనకే పోయిందట. ఏమీ మాట్లాడకుండా డబ్బా తీసుకుని, మెడలో పుస్తెలతాడు తీసి చేతిలో పెట్టిందట. ఆ తాడుకు పోయిన బంగారం మళ్లీ రాలేదు, ఇప్పటికీ పసుపుతాడే. ఇది ఆమె ఒక్కసారే చెప్పింది. నేను కూడా రెండోసారి అడగలేదు.

2002లో బీటీ విత్తనం వచ్చాక కొన్నేళ్లు పురుగు బాధ తగ్గిందన్నారు. తర్వాత గులాబీ పురుగు దానికీ అలవాటు పడిపోయింది. మళ్లీ మందులు, మళ్లీ ఖర్చు. మరి పత్తి ఎందుకు వేస్తారంటారా? చెలకలో ఇంకేం వేసినా కోతులో అడవిపందులో తింటాయి. పత్తిని మాత్రం ఏదీ తినదు, పురుగు తప్ప!

ఇంతకీ గొడవ సంగతి. 2025 వానాకాలం మాకు ఆశ పెట్టి, ఏడిపించి పోయింది. ఆగస్టులో యూరియా దొరకలేదు. తెల్లారకముందే పోయి లైనులో నిలబడ్డాను. నాకంటే ముందు చెప్పులు నిలబడి ఉన్నాయి! మనుషులు వేపచెట్టు కింద, చెప్పులు లైనులో. రెండు రోజులు తిరిగితే రెండు బస్తాలు దొరికాయి. బస్తా 266 రూపాయలే, కానీ ఆ రెండు రోజుల నా కూలి ఎవరు లెక్కగడతారు? నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న నాకు మొదట అక్కడే, ఆ చెప్పుల వరసలోనే పుట్టింది.

దసరా నాటికి పత్తి బాగా కాసింది. గట్ల మీద గునుగు పూలు కోసుకొచ్చి పెద్ద బతుకమ్మ పేర్చాం. "ఈసారి ఎకరానికి పది క్వింటాళ్లు తప్పదు" అన్నాడాయన. అన్నాడో లేదో, అక్టోబరు 29న మొంథా తుపాను వాన వచ్చిపడింది. హన్మకొండలో కాలనీలు మునిగిన సంగతి మీరు టీవీల్లో చూసే ఉంటారు. మా ఊళ్లో ఇళ్లు బాగానే ఉన్నాయి, పంటలే పోయాయి. కోతకొచ్చిన వరి నేల మీద పడుకుంది. చెలకలో విచ్చుకున్న పత్తి తడిసి, ముద్దలై, నల్లబడి చెట్టుకే వేలాడుతోంది. తడిపత్తి ఏరడం ఎలా ఉంటుందో తెలుసా? చేతికి రాదు, పీకితే గింజ విడిపోతుంది, గోళ్ల సందుల్లో నలుపు వారం రోజులైనా పోదు.

వరిని చైన్ మిషన్ పెట్టి కోయించి, రోజుల తరబడి కల్లంలో ఎండబోశాం. మబ్బు పడితే పరదాలు కప్పడం, ఎండ వస్తే తీయడం. వడ్ల కొనుగోలు కేంద్రం నడిపేది మా మహిళా సంఘం వాళ్లే. కాంటా దగ్గర ఆడవాళ్లే, పుస్తకం రాసేదీ ఆడవాళ్లే. ఆ పుస్తకంలో రైతుల పేర్లు చూస్తే మాత్రం అన్నీ మగవాళ్లవే! పత్తికైతే ఇప్పుడు ఫోనులో ముందుగా స్లాటు బుక్ చేసుకోవాలి. ఓటీపీ వచ్చేది మా ఆయన ఫోనుకే.

వచ్చింది రెండెకరాలకు కలిపి పదకొండు క్వింటాళ్లు. మద్దతు ధర 8,110 రూపాయలు. కానీ అది తేమ 8 శాతంలోపు ఉంటేనే. పైన ఒక్కో శాతానికీ కోత, 12 దాటితే అసలే తీసుకోరు. ఏడు క్వింటాళ్లు 12 శాతం దగ్గర గట్టెక్కాయి. నల్లబడిన నాలుగు క్వింటాళ్లు బయట 5,900కు ఇచ్చేశాం. మొత్తం 78 వేలు.

ఆ రాత్రి ఆయన పుస్తకం ముందేసుకుని లెక్క తీశాడు. విత్తనాలు ప్యాకెట్ 901 చొప్పున అయిదు, దుక్కి 6 వేలు, ఎరువులు 11 వేలు, మందులు 8 వేలు, కలుపు కైకిళ్లు 9,600, ఏరిన కూలి కిలోకు 14 చొప్పున 15,400, బండి కిరాయి 3 వేలు. 57,500 పోయింది.

"ఇరవై వేలు మిగిలింది. ఇంత వానలో మిగిలిందే ఎక్కువ" అన్నాడు.

"మరి నా కూలి రాయలేదేంది?" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నేనేదో పరాచికమాడుతున్నాననుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి పాల లెక్క రాసుకునే క్యాలెండరు తెచ్చాను. చెలకకు పోయిన ప్రతిరోజూ దాని మీద చిన్న చుక్క పెట్టుకున్నాను, ఆ యూరియా లైను రోజుల్ని కూడా కలిపి. లెక్కపెడితే తొంభై ఆరు చుక్కలు. ఊళ్లో కైకిలి నాలుగు వందలు. 38,400.

"మిగలడం కాదు, దాదాపు 18 వేలు లోటు" అన్నాను. "రైతు భరోసా రెండెకరాలకు 12 వేలు పడ్డది కదా" అన్నాడు. అది కలిపినా లోటే. "నా కూలి మాత్రం ఎవరు కడుతున్నరు?" అన్నాడు చివరికి. అదీ న్యాయమే. ఆయనది కలిపితే ఇంకా గోతిలోకి పోతాం.

అప్పుడు బయటపెట్టాడు అసలు సంగతి. రోడ్డువైపు ఇరవై గుంటలు ప్లాట్లకు అడుగుతున్నారట. బాబు చదువుకు, అప్పుకు సరిపోతుందట. పెన్ను ఇస్తే నేనే గీత గీసి చూపించినట్టయింది: ఎవుసం దండగ, అమ్మేద్దాం. నా లెక్క నాకే ఎదురు తిరిగింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై గుంటలు పోవడం ఒక బాధ. దాని కన్నా పెద్ద బాధ, అమ్మడానికి నా సంతకంతో పని లేకపోవడం. మూడెకరాల పాస్‌బుక్ ఆయన పేరునే ఉంది. రైతు భరోసా పాస్‌బుక్ ఉన్నవాళ్లకే. 2018లో వచ్చిన రైతుబీమా, ఆ 5 లక్షలు, పట్టా ఉన్న రైతుకే. రేపు చెలకలో నాకేమన్నా అయితే నేను రైతును కాను, రైతు భార్యను. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలున్నవాళ్లలో ఆడవాళ్లు నూటికి 14 మందే. ఆడపిల్లకు ఆస్తిలో సమాన హక్కు మన దగ్గర 1986లోనే చట్టమైంది. పుట్టింట్లో నేను అడగలేదు. పెళ్లప్పుడు ఇచ్చింది చాలనుకున్నాను. తమ్ముడితో మాట పోతుందని భయపడ్డాను కూడా. ఆ తప్పు నాదే.

తెల్లారి చాయ ఇస్తూ చెప్పాను. "అమ్మేది లేనిది తర్వాత. ముందు ఆ చెలకలో ఒక ఎకరం నా పేరున రాయి."

ఆయన ముఖం చిన్నబోయింది. "నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. చూడండి, మగవాళ్లకు ఎప్పుడూ ఇదే మాట! నమ్మకం లేకపోతే ఇరవై రెండేళ్లు తడిపత్తి ఏరతానా? రెండు రోజులు మాటల్లేవు. గిన్నెలు మాత్రం మాట్లాడాయి. మా చెల్లెలు వచ్చి "నీకేందే అక్కా" అన్నది సరిగ్గా అప్పుడే.

మూడోరోజు మధ్యాహ్నం పచ్చికందికాయలు ఉడకబెట్టి అందరం అరుగు మీద కూర్చున్నాం. పత్తిలో సాళ్ల మధ్య వేసిన కంది అది. వానకు ఆగి నిలిచింది. వలుచుకుంటూ అత్తమ్మే మొదలుపెట్టింది. "ఏమిరా, అది అడిగింది ఒక్కెకరమేనాయె. నేనైతే తాడు ఇచ్చిననాడే మూడెకరాలూ రాయించుకుందును. నాకు తెల్వకపాయె."

ఆయన తలెత్తలేదు. కందికాయలు వలుస్తూనే ఉన్నాడు. లేచిపోయేటప్పుడు మాత్రం, "యాసంగి నాట్లు కానీ. తాసిల్దారు ఆఫీసులో అడిగొస్త" అన్నాడు. ప్లాట్లవాళ్లకు ఇంకా లేదని చెప్పలేదు, అవుననీ చెప్పలేదు. నాట్లయితే అయ్యాయి, ఆఫీసుకు పోవడం ఇంకా కాలేదు. వారానికోసారి గుర్తు చేస్తున్నాను.

లెక్కల పుస్తకంలో మాత్రం కొత్త పేజీ మొదలైంది. యాసంగి వరి అని రాసి, కింద ఆయన రోజులు ఒక వరస, నా రోజులు ఒక వరస. రాస్తుంటే అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని పక్కకొచ్చింది.

"బర్రెను తోలుకపోయింది నేనే కద బిడ్డా? నాది గూడ రాయి. పాతది మీ మామ దగ్గర నలభై ఏండ్ల బాకీ ఉన్నది, అది ఇగ ఆయన్నడిగే తీసుకుంట."

మూడో వరస గీశాను.