పెట్టె విప్పని బొమ్మకారు

ఇటీవల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సహోదరి మా దగ్గరికి వచ్చి కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడింది. ఏమ్మా అని అడిగాము. "అయ్యగారూ, చెబితే మీరు నవ్వుతారు. మా ఇంట్లో గొడవంతా బొమ్మ కార్ల గురించే" అంది. మేము నిజంగానే నవ్వాము. నవ్వకుండా ఉండవలసిందని ఆమె తరువాతి మాటతో తెలిసింది. ఆరేళ్ల కొడుకు తండ్రి అలమారలోంచి ఒక బొమ్మ కారు తీసి, ప్యాకెట్టు చింపి, నేల మీద తోలాడట. తండ్రి వాడిని కొట్టాడు. ఆ రాత్రి పిల్లవాడు అన్నం తినలేదు, తండ్రీ తినలేదు.

ఆ ఇంటికి వెళ్లి మాట్లాడే ముందు అసలు ఈ సంగతేమిటో తెలుసుకోవాలనుకున్నాము. తెలియని విషయం మీద హితబోధ చేయడం సులభమే గాని, దానివల్ల ఎవరికీ మేలు జరగదు. విచారిస్తే మన సంఘాల్లోనే కాలేజీ పిల్లలు, ఉద్యోగాలు చేసుకునే తండ్రులు కొందరు ఈ అభిరుచిలో ఉన్నారని తెలిసింది. వారి తల్లులకు, భార్యలకు మాత్రం ఇది అంతుపట్టడం లేదు. అందుచేత మేము తెలుసుకున్నది పాఠకుల ముందు ఉంచుతున్నాము.

డై-కాస్ట్ అంటే ఏమిటి?

డై అంటే ఉక్కుతో చేసిన అచ్చు. కాస్ట్ అంటే పోత. కరిగించిన లోహాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపి, గట్టిపడగానే అచ్చు రెండు భాగాలుగా విప్పి బొమ్మను బయటికి తీస్తారు. ఒక్కో పోతకు కొద్ది సెకన్లు చాలు. అంచుల్లో మిగిలిన లోహపు పొరలను తీసేసి, నునుపు చేసి, రంగు వేస్తారు. లోపలి సీట్లు, అద్దాలు ప్లాస్టిక్‌వి. ఇరుసులు, చక్రాలు అమర్చి, అడుగు రేకును పైభాగానికి రివిట్లతో బిగిస్తారు.

ఇందులో వాడే లోహం ప్రధానంగా జింకు. దానిలో సుమారు నాలుగు శాతం అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం, కొన్ని రకాల్లో రాగి కలుపుతారు. 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ ఈ మిశ్రమాన్ని రూపొందించింది. ఆ నాలుగు లోహాల జర్మన్ పేర్ల మొదటి అక్షరాలతో దీనికి 'జమాక్' అని పేరు వచ్చింది. ఇది తక్కువ వేడికే కరుగుతుంది, అచ్చులోని సన్నని గీతను కూడా పట్టుకుంటుంది. కారు తలుపు గీత, హెడ్‌లైటు గుండ్రం అంత స్పష్టంగా కనబడడానికి కారణం ఇదే.

సేకరించేవారు తరచు "ఒకటికి అరవై నాలుగు" అనే మాట వాడతారు. అసలు కారులో అరవై నాలుగో వంతు అని అర్థం. నాలుగు మీటర్ల కారు ఆ లెక్కన ఆరు సెంటీమీటర్ల చిల్లర అవుతుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. ఒకటికి నలభై మూడు అయితే సుమారు తొమ్మిది సెంటీమీటర్లు. ఒకటికి పద్దెనిమిది అయితే ఇరవై రెండు. సైజు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది.

అచ్చు యంత్రం నుంచి ఆటబొమ్మ దాకా

పత్రిక నడిపేవారం గనుక ఈ చరిత్రలో ఒక సంగతి మమ్మల్ని ప్రత్యేకంగా ఆకర్షించింది. అమెరికాలోని షికాగోలో డౌస్ట్ సోదరులు లాండ్రీ వ్యాపారుల కోసం ఒక పత్రిక నడిపేవారు. 1893లో ఆ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో వారు లైనోటైప్ యంత్రాన్ని చూశారు. కరిగిన లోహాన్ని పోతపోసి అక్షరాల వరుసలు తయారుచేసే యంత్రం అది. అక్షరాలు పోయగలిగితే మిగతా వస్తువులు ఎందుకు పోయలేమని వారికి తోచింది. మొదట గుండీలు, చిన్న చిన్న అలంకారాలు పోశారు. తరువాత 1910లలో ఫోర్డ్ మోడల్ టి కారు బొమ్మ పోశారు. ఆ బొమ్మలే కొంతకాలానికి 'టూట్సీటాయ్' అనే పేరుతో ప్రసిద్ధి చెందాయి.

ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ బొమ్మ రైళ్లు చేసేవాడు. రైలు స్టేషను పక్కన నిలబెట్టడానికి కొన్ని చిన్న కార్లు కూడా చేశాడు. 1934లో వాటికి 'డింకీ టాయ్స్' అని పేరు పెట్టారు. ఆ డింకీ పాత అచ్చులు కొన్ని తరువాతి రోజుల్లో మన దేశానికి వచ్చాయి. వాటితో పోసిన బొమ్మలను 'నిక్కీ టాయ్స్' పేరుతో ఇక్కడ అమ్మారు. నేడు వాటి కోసం విదేశీయులు సైతం వెదకుతున్నారు.

అగ్గిపెట్టెలో పట్టే బండి

1947లో లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ అనే ఇద్దరు మిత్రులు లండనులో ఒక చిన్న పోత కార్ఖానా పెట్టారు. ఇంటిపేరు ఒకటే గాని వారు బంధువులు కారు. ఇద్దరి పేర్లూ కలిపి 'లెస్నీ' అన్నారు. తరువాత జాక్ ఓడెల్ అనే పనివాడు వారితో కలిశాడు. ఓడెల్ కూతురు చదివే బడిలో ఒక నియమం ఉండేదట. బడికి తెచ్చే బొమ్మ అగ్గిపెట్టెలో పట్టాలి. కూతురి కోసం ఆయన ఒక రోడ్డు రోలరును అంత చిన్నదిగా ఇత్తడితో చేసి ఇచ్చాడు. బడిలో పిల్లలందరూ తమకూ కావాలన్నారు. 1953లో 'మ్యాచ్‌బాక్స్' బొమ్మలు పుట్టింది అలాగే. అదే సంవత్సరం ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం జరిగింది. లెస్నీ చేసిన పట్టాభిషేక రథపు చిన్న బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

1968లో అమెరికాలోని మాటెల్ కంపెనీ 'హాట్ వీల్స్' తెచ్చింది. అంతవరకు బొమ్మ కారు అంటే అసలు కారుకు నమూనా. మాటెల్ అధిపతి ఇలియట్ హాండ్లర్ దానికి వేగం ఇచ్చాడు. సన్నని ఇరుసులు, రాపిడి తక్కువ గల చక్రాలు, మెరిసే రంగులు, నారింజ రంగు ప్లాస్టిక్ దారి. మొదటి ఏడాది 16 కార్లు వచ్చాయి. పిల్లలు అటే పరుగెత్తారు. లెస్నీ కూడా మరుసటి సంవత్సరమే వేగపు చక్రాలు తెచ్చింది గాని, చివరికి 1982లో దివాలా తీసింది. మ్యాచ్‌బాక్స్ పేరు చేతులు మారుతూ 1997లో ఆ మాటెల్ చేతికే వచ్చింది. ఒకనాటి పోటీదారులు నేడు ఒకే ఇంటి బిడ్డలు. మన దేశంలో కూడా 1990ల ప్రాంతంలో 'లియో' పేరుతో హాట్ వీల్స్ తయారయ్యేవి. నేడు నలభై దాటిన అనేకులు చిన్నప్పుడు అంగడి అద్దంలోంచి చూసినవి అవే.

విప్పని దానికి విలువ ఎందుకు?

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. బొమ్మను ప్యాకెట్టులోనే ఎందుకు ఉంచుతారు?

పాత బొమ్మ పెట్టెతో సహా చెక్కుచెదరకుండా దొరికితే దాని ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. అయితే ఎందుకు పెరిగిందో గమనించండి. 1950లలో, 60లలో ఈ కార్లను కొన్న పిల్లలు వాటిని దాచుకోలేదు. మట్టిలో తోలారు, మెట్ల మీదనుంచి దొర్లించారు, పెట్టెలను పారవేశారు. చాలావరకు పాడైపోయాయి గనుకనే మిగిలిన కొద్దిపాటికి విలువ వచ్చింది. ఇంకొక మాటలో చెప్పాలంటే, విప్పని పెట్టెకు విలువ తెచ్చింది పెట్టె విప్పి ఆడుకున్న పిల్లలే.

నేడు పరిస్థితి వేరు. ఏటా కోట్ల సంఖ్యలో కార్లు వస్తున్నాయి, వేలాదిమంది పెద్దవారు వాటిని విప్పకుండా దాస్తున్నారు. అందరూ దాచే వస్తువు అరుదైనది కాజాలదు. కాబట్టి దుకాణంలో దాదాపు 150, 200 రూపాయలకు కొనే మామూలు కారు రేపు కొడుకు చదువుకు పనికివస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఇది అభిరుచి మాత్రమే, పొదుపు కాదు.

కంపెనీ కావాలని తక్కువ సంఖ్యలో చేసే కార్లు కొన్ని ఉన్నాయి. 1995లో హాట్ వీల్స్ 'ట్రెజర్ హంట్' అని 12 కార్లతో ఒక వరుస ప్రారంభించింది. మామూలు కార్ల మధ్య వీటిని కలిపి పంపుతారు. వాటిలో మరీ అరుదైన వాటికి ప్రత్యేకమైన మెరుపు రంగు, రబ్బరు టైర్లు ఉంటాయి. వీటి కోసమే కొందరు తెల్లవారుజామునే దుకాణం ముందు నిలబడతారు.

వీటన్నిటిలోను పేరుమోసినది అమ్మకానికి రానే రాలేదు. 1969లో హాట్ వీల్స్ ఒక వ్యాను నమూనా చేసింది. వెనుక కిటికీలోంచి సముద్రపు అలలపై తేలే పలకలు బయటికి పొడుచుకు వచ్చి ఉంటాయి. అది మరీ సన్నం, పైబరువు ఎక్కువ. ఆట దారి మీద సరిగా నిలవలేదు. కాబట్టి పలకలను పక్కలకు మార్చి వ్యానును వెడల్పు చేసి అమ్మారు. పనికిరాదని పక్కన పెట్టిన ఆ మొదటి నమూనాల్లో గులాబి రంగుదానికి నేడు లక్ష డాలర్లకు పైగా విలువ కడుతున్నారు. ఆటకు పనికిరానిదే అన్నిటికంటె ఖరీదైనది కావడం ఈ లోకంలోని వింతల్లో ఒకటి.

లోపలినుంచి వచ్చే తెగులు

ఈ లోహం ఇనుములాగా తుప్పు పట్టదు. కాని దానికి తనదైన జబ్బు ఒకటి ఉంది. దానిని 'జింక్ పెస్ట్' అంటారు, జింకు తెగులు అన్నమాట. పోతపోసేటప్పుడు లోహంలో కొద్దిగా సీసం కలిసినా చాలు. ఏళ్లు గడిచాక, ముఖ్యంగా తేమ ఉన్నచోట, బొమ్మ లోపలినుంచి ఉబ్బుతుంది, పగుళ్లు తీస్తుంది, చివరికి పొడి అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన డింకీ బొమ్మలు అనేకం అలా నశించాయి. ఎంత మంచి అద్దాల అలమారలో ఉంచినా దీనికి మందు లేదు. జబ్బు దాచిన చోట లేదు, పోసిన నాడే లోపల ఉంది.

నేటి బొమ్మల్లో ఈ బెడద చాలా తక్కువ. అయినా మన కోస్తా జిల్లాల ఉక్కపోతలో ప్యాకెట్టు అట్ట మెత్తబడుతుంది, జిగురు ఊడుతుంది. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది, ప్లాస్టిక్ పచ్చబడుతుంది. ఎండ తగలని, తేమ లేని చోట ఉంచితే చాలు.

కొనేవారికి కొన్ని మాటలు

పిల్లలకు కొనే బొమ్మ మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి. గుర్తులేని నకిలీ బొమ్మ రంగులో ఏముందో ఎవరు చెప్పగలరు? మూడేళ్ల లోపు బిడ్డకు ఇవి అసలే ఇవ్వవద్దు, ఊడిన చక్రం గొంతులో అడ్డుపడవచ్చు.

అలమారలోని కార్లను లెక్కపెట్టినట్టే నెలకు ఎంత ఖర్చవుతుందో కూడా లెక్కపెట్టుకోండి, ఆ లెక్క భార్యకు చూపించండి. అప్పు చేసి, కార్డు గీకి కొనవద్దు. దుకాణంలో ఉన్నవన్నీ ఒక్కరే ఊడ్చుకుపోయి రెట్టింపు ధరకు అమ్మే పద్ధతి కూడా పెరిగింది. చట్టం దానిని నేరమనకపోవచ్చు. కాని పుట్టినరోజుకు ఒక కారు కొనుక్కుందామని తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లవాడు ఖాళీ కొక్కేలు చూసి తిరిగి వెళ్తాడు. అతని స్థానంలో మన బిడ్డను ఊహించుకుంటే సరిపోతుంది.

ఆ ఇంట్లో

ఇదంతా తెలుసుకున్నాక ఒక సాయంత్రం ఆ ఇంటికి వెళ్లాము. ఆ సహోదరుడు తలవంచుకుని కూర్చున్నాడు. మేము కొట్టిన సంగతి ఎత్తలేదు. "మీ కార్లు చూపిస్తారా బాబూ" అన్నాము. ఆయన ముఖం మారిపోయింది. ఒక్కొక్కటీ తీసి చెప్పసాగాడు. చివరకు ఒక నీలిరంగు కారు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. చిన్నప్పుడు బజారులో ఇలాంటిది చూపించి అడిగితే, కూలిపని చేసే తండ్రి జేబు తడుముకుని, "వచ్చే వారం కొందాంరా" అన్నాడట. ఆ వారం రాలేదు. "ఆ కారు నాకు దొరికిందయ్యగారూ. విప్పడానికి మాత్రం చెయ్యి రాదు" అన్నాడు.

ఆయన కొనుక్కుంటున్నది లోహం కాదని మాకు అప్పుడు అర్థమయింది. కాని తలుపు చాటునుంచి ఆ కార్లనే చూస్తున్న పిల్లవాడు కూడా మాకు కనబడ్డాడు. "ఆనాడు అద్దం బయట మీరు నిలబడ్డారు. ఈనాడు ఎవరు నిలబడ్డారో చూడండి" అని మాత్రం అన్నాము.

అన్నీ ఆ రోజే సరిపోలేదు. పై అర ఇప్పటికీ తాళంలోనే ఉంది. కింది అర మాత్రం పిల్లవాడిదయిందని, ఆ నీలిరంగు కారు రంగు అప్పుడే రెండు చోట్ల లేచిపోయిందని ఆ సహోదరి మొన్న చెప్పింది. చెబుతూ ఈసారి ఆమే నవ్వింది.

ఇంటికి వచ్చి మా అలమార చూసుకున్నాము. కొన్న నాటినుంచి పేజీ తిప్పని పుస్తకాలు అందులో ఇరవై దాకా ఉన్నాయి. వాటిని అడిగిన యువకులకు, పాడుచేస్తారేమోనని ఇవ్వలేదు. ఈ వారం వాటిలో మూడు ఇచ్చివేశాము. ప్రియ పాఠకులారా, సేకరించడం తప్పు కాదు. అందంగా చేసిన వస్తువును ప్రేమించడం, దాని కథ తెలుసుకోవడం మంచిదే. అయితే మీ ఇంట్లో తాళం వేసిన అర ఏదైనా ఉంటే, దాని బయట ఎవరు నిలబడి ఉన్నారో ఒకసారి చూడండి.