నడుం నొప్పికి మందు గుమ్మం దగ్గరుంది

కార్తీకమాసం ముసురు పట్టి ఉన్న ఒక ఉదయం తడ దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. వయసు అరవై రెండు. నడుం నొప్పి. ఎక్స్‌రే తీయిస్తే వెన్నుపూసలు ఆ వయసుకు అరగవలసినంతే అరిగాయి. "బరువులేమైనా ఎత్తుతారా అమ్మా?" అని అడిగాను.

"మా పిల్లోణ్ణి ఎత్తతా సార్. రోజుకి ఏడెనిమిది తూర్లు" అంది.

పిల్లవాడంటే ఏ మూడేళ్ళ మనవడో అనుకున్నాను. కాదు, కొడుకు. ఇరవై ఏడేళ్ళు. యాభై కిలోల బరువు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేకపోవడం. దానికి తోడు ఫిట్స్. చూపు కూడా అంతంతమాత్రం. మాట రాదు, కాని మనం అన్నది అర్థమవుతుంది.

మాత్రలు రాసిచ్చాను. లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "నాకు తగ్గకపోయినా పర్లేదు సార్. నేను పోయినాక వాణ్ణి ఎత్తేదెవరు?" అంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న నన్ను ఎందరో తల్లులు అడిగారు. ఇంతకు ముందు ఒకసారి దీనికి నేను చెప్పిన జవాబు తప్పయింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆ ఆదివారం వాళ్ళ ఇల్లు చూడటానికి వెళ్ళాను. పులికాట్ సరస్సు పక్క పల్లెల్లో ఇళ్ళు ఎలా ఉంటాయో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. వానకి నీళ్ళు రాకుండా పునాది రెండడుగుల ఎత్తు లేపుతారు. ముందు మూడు మెట్లు. ఆపైన మూడంగుళాల గడప. స్నానాల గది పెరట్లో, దాని తలుపు ఇరవై ఆరంగుళాలు. కుర్రవాడు వెనక గదిలో చాప మీద పడుకుని ఉన్నాడు. ఏదో క్యాంపులో ఇచ్చిన చక్రాల కుర్చీ వసారాలో ఉంది. దాని మీద బట్టలు ఆరేసి ఉన్నాయి.

"ఎందుకమ్మా వాడరు?" అన్నాను.

"యాడ తిరగద్ది సార్ అది ఈ ఇంట్లో?" అంది.

ఆ మాటతో నాకు రోగనిర్ధారణ అయిపోయింది. జబ్బు ఆమె నడుముకి కాదు, ఇంటికి.

ఇంటికి కొలతలు తీయాలి

దర్జీ దగ్గరకి వెళితే ముందు మన ఒంటి కొలత తీస్తాడు. ఇల్లు కట్టే మేస్త్రీ మాత్రం అందరికీ ఒకే కొలత పెడతాడు. మామూలు మనిషి ఆ తేడాకి సర్దుకుపోతాడు. రెండు మూడు వైకల్యాలు కలిసి ఉన్న మనిషి సర్దుకోలేడు. అతని బదులు ఇంట్లో ఇంకెవరో, సాధారణంగా తల్లి, తన నడుముతో సర్దుతూ ఉంటుంది.

మెట్ల సంగతి చూడండి. మన ఇళ్ళకి వాలు కట్టించారంటే చాలావరకు అది స్కూటర్ ఎక్కించడానికే. చక్రాల కుర్చీకి అది పనికిరాదు. ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు వాలు ఉండాలి. అంటే రెండడుగుల పునాదికి ఇరవై నాలుగడుగులు. వాళ్ళ వాకిలి మొత్తం పదడుగులు లేదు. మేస్త్రీ నవ్వి, ఆరడుగులు చాలన్నాడు. ఆరడుగుల వాలు మీద యాభై కిలోల మనిషిని అరవై రెండేళ్ళ మనిషి తోస్తే ఇద్దరూ కలిసి వెనక్కి వస్తారని చెప్పాను. చివరకు ఇంటి ముందు గోడ వెంట పన్నెండడుగులు, మూల దగ్గర అయిదడుగుల చదును, అక్కడ తిరిగి పక్క గోడ వెంట మరో పన్నెండడుగులు కుదిరింది. చక్రం పక్కకి జారకుండా అంచున మూడంగుళాల గట్టు కట్టించాం. నున్నగా పూస్తే వానకి జారుతుంది కాబట్టి, సిమెంటు తడి మీద ఉండగానే కొబ్బరి చీపురుతో అడ్డంగా గీతలు గీయించాం.

గడప దగ్గర పేచీ వచ్చింది. తీసెయ్యమన్నాను. "గడప తీస్తే లక్ష్మి నిలవద్దా సార్?" అంది. నేను వాదించలేదు. గడప ఉండనిచ్చి, దానికి ఇటూ అటూ చెక్కతో మూడేసి అడుగుల వాలు పలకలు చేయించాం. శుక్రవారం పొద్దున తీసి గడపకి పసుపు రాసుకుంటుంది, మళ్ళీ పెట్టేస్తుంది.

గుమ్మం వెడల్పు మూడడుగులుంటే కుర్చీ కూడా, తోసేవాళ్ళ చేతులు కూడా గీసుకోకుండా పడతాయి. కుర్చీ గుండ్రంగా తిరగడానికి అయిదడుగుల ఖాళీ కావాలి. గదులు చిన్నవైతే సామాను గోడ వైపు జరిపినా చాలాసార్లు ఆ ఖాళీ దొరుకుతుంది.

ఆమె నడుముకి అసలు మేలు చేసింది మంచం. చాప మీద నుంచి ఎత్తడం మానేసి, చక్రాల కుర్చీ కూర్చునే పలక ఎంత ఎత్తుందో సరిగ్గా అంత ఎత్తు మంచం వేయించాం. పద్ధెనిమిది నుంచి ఇరవై అంగుళాల మధ్య ఉంటుంది, మీ కుర్చీ కొలిచి చూసుకోండి. మంచానికీ కుర్చీకీ మధ్య నున్నగా చిత్రిక పట్టిన పలక వంతెనలా వేసి దాని మీదుగా జరపాలి. ముందు కుర్చీ బ్రేకులు వెయ్యాలి, మంచం వైపు చెయ్యి ఆన్చే పట్టీ తీసెయ్యాలి. ఎత్తవద్దు, జరపండి. ఇంట్లో మంచానపడ్డ ముసలివాళ్ళున్నా ఇదే పద్ధతి.

స్నానాల గదిలో పట్టుకోవడానికి గొట్టం బిగించేటప్పుడు మన సముద్రపు గాలి మాట మరచిపోకండి. ఇక్కడ మామూలు ఇనుము త్వరగా తుప్పు పట్టి, ఒకనాడు మనిషితో సహా ఊడి వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. గిలాబాలోకి కాదు, ఇటుకలోకి దిగేలా బోల్టులు వేయించండి. ఎంత ఎత్తున పెట్టాలో పుస్తకం చూసి కాదు, వాడే మనిషిని కూర్చోబెట్టి, అతని చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో చూసి గుర్తు పెట్టండి.

ఒకరికి మేలు, ఇంకొకరికి కీడు

ఇలాంటి ఇళ్ళలో చిక్కు ఏమిటంటే, ఒక లోపానికి చేసిన ఏర్పాటు ఇంకో లోపానికి అడ్డు రావచ్చు. చూపు లేనివారికి పాదానికి తగిలే గుర్తులు కావాలి. గడప తగిలితే గది మారిందని తెలుస్తుంది. చక్రాల కుర్చీకి ఆ గుర్తే అడ్డంకి. అదీ ఇదీ ఉన్న మనిషికి ఏం చెయ్యాలి? ఎత్తు మార్చకుండా రాయి మార్చండి. గదిలో నున్నటి కడప రాయి, నడిచే దారిలో గరుకు రాయి పరిస్తే పాదానికీ తెలుస్తుంది, చక్రమూ ఆగదు. కొద్దిగా చూపున్నవారికి తెల్ల గోడ మధ్య తలుపు చట్రానికి ముదురు రంగు వేస్తే అదే దారి చూపిస్తుంది. వినపడని వారికి తలుపు గంట బదులు దీపం వెలగాలి. ఆటిజం ఉన్నవారిలో కొందరికి మిక్సీ మోత, మిణుకుమనే ట్యూబ్‌లైటు భరించరానివి. వారికి ఒక నిశ్శబ్దపు మూల కావాలి.

ఫిట్స్ ఉన్నవారి స్నానాల గదికి లోపల గడియ ఉండకూడదు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేకపోతే లోపల పడిపోయిన మనిషే తలుపుకి అడ్డమవుతాడు. పొయ్యి, బావి, సరస్సు ఒడ్డు, వీటి దగ్గరికి ఒంటరిగా పంపకండి. అలాగని బయట తాళం వేసి పనికి పోకండి, గొలుసుతో కట్టకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన పాకకి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టి ఉండి తప్పించుకోలేక 28 మంది చనిపోయారు.

కదలలేని మనిషిని పడుకుని ఉంటే రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. కుర్చీలో ఉంటే అరగంటకోసారి అటూ ఇటూ ఒరిగించి బరువు మార్చాలి. లేకపోతే పిర్రల మీద, మడమల మీద పుండ్లు పడతాయి. ఇవి ఎముకదాకా పోతాయి, ప్రాణం మీదికీ తెస్తాయి. మింగడం కష్టమైన వారికి నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి. తిన్నాక అరగంట అలాగే ఉంచండి. పడుకోబెట్టి పోస్తే గంజి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. ఇన్ని పనులకు మనిషి కనబడుతూ ఉండాలి కదా. అందుకే మంచం వెనక గదిలో కాదు, వంటింట్లో నుంచి కనిపించే చోట ఉండాలి. కదిలే చెయ్యి ఏదైతే అది అందేచోట పిలుపు గంట నొక్కు ఉండాలి.

తుఫాను సంగతి కోస్తావాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఫిట్స్ మాత్రలు వారానికి సరిపడా నీరు చొరని డబ్బాలో వేసి ఉంచండి. మనిషిని ఎవరు మోస్తారో, ఏ బండి వస్తుందో ముందే అనుకోండి. ఇంట్లో కదలలేని మనిషి ఉన్నారని పంచాయతీ వారికీ రెవెన్యూ వారికీ వానల ముందే చెప్పి రాయించండి.

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో గంటసేపు తల్లితోనూ మేస్త్రీతోనూ మాట్లాడానే గాని, కుర్రవాణ్ణి అడగలేదు. వెళ్ళబోతూ గుర్తొచ్చి, "మంచం ఎక్కడ వెయ్యమంటావు నాయనా?" అన్నాను. అవునంటే కళ్ళు పైకి ఎత్తుతాడని తల్లి చెప్పింది. ఒక్కొక్క చోటే అడుగుతూ వచ్చాం. రోడ్డు వైపు కిటికీ అనగానే కళ్ళు ఎత్తాడు. ఎందుకో తల్లికే తెలియలేదు. అంతలో చెన్నై నుంచి సూళ్లూరుపేట పోయే లోకల్ రైలు కూత వినపడింది. వాడి మొహం చూసి ఇద్దరికీ అర్థమైంది. ఇరవై ఏడేళ్ళుగా గాలి తగులుతుందని వాణ్ణి వెనక గదిలో ఉంచింది ఆ తల్లి.

ఆమె తర్వాత

ఇక నా తప్పు జవాబు. ఇరవై ఏళ్ళ కిందట ఇలాంటి మరో తల్లి పోతే, ఆమె కొడుకుని ఒక ఆశ్రమానికి పంపమని ఉత్తరం రాసిచ్చింది నేనే. చోటు మంచిదే, పెట్టేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కాని దాహమేస్తే ఆ కుర్రవాడు కింది పెదవి కొరుక్కుంటాడని వాళ్ళకి తెలియదు. అది చెప్పవలసిన మనిషి పోయింది. నెల తిరక్కుండా ఒళ్ళంతా ఎండిపోయి ఆస్పత్రిలో పడ్డాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు.

అందుకే ఇప్పుడు మందుల చీటీతో పాటు ఒక నోటుపుస్తకం కొనమని చెబుతున్నాను. ఆకలికి ఏ సైగ, దాహానికి ఏ సైగ, ఫిట్ ఎలా మొదలవుతుంది, ఏ పక్కకి పడుకుంటే ఊపిరి బాగా ఆడుతుంది, అన్నం ఎంత మెత్తగా ఉండాలి, ఏ చప్పుడుకి బెదురుతాడు. తల్లికి రాయడం రాకపోతే ఆమె చెప్తుంటే బడిపిల్లల చేత రాయించండి.

ఇంకో మాట. అన్నీ ఉన్నా మనిషిని ఒకచోట గుంపులో పడెయ్యడమే దారి కాదు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. ఆమె చేతుల మీదుగానే 1966లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వారి పునరావాస సంస్థ మొదలైంది. వెన్నెముక దెబ్బ తిన్నవారికి ఇంటికి వెళ్ళి ఎలా బతకాలో నేర్పే చోటు అది. చెన్నైలో బాన్యన్ సంస్థ 2015లో "హోమ్ ఎగైన్" అని మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి ఆస్పత్రుల్లో ఉండిపోయిన మానసిక రోగుల్ని నలుగురైదుగుర్ని కలిపి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంచి, తోడు మనిషిని పెడతారు. ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు వైకల్యం ఉన్నవారికి ఉందని చెప్పే ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. ముందు సదరం సర్టిఫికెట్టు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఉంది. దాని కింద నిరామయ బీమా లక్ష రూపాయలదాకా వైద్యఖర్చు ఇస్తుంది. పద్ధెనిమిదేళ్ళు దాటాక చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించేది కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ. తల్లిదండ్రులు బతికి ఉండగానే దరఖాస్తు పెట్టండి. ఎక్కువ ఆసరా అవసరమైనవారు దాని కోసం అడగవచ్చని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 38వ సెక్షన్ చెబుతుంది. ఒకటికి మించిన వైకల్యాలుంటే చెన్నై దగ్గర ముట్టుకాడులో ఇందుకోసమే 2005లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. తడలో లోకల్ రైలెక్కితే చెన్నై చేరతారు, అక్కణ్ణుంచి మహాబలిపురం దారిలో ఉంటుంది.

సంరక్షకుడు కాగితం మీద ఉంటే చాలదు, చేతికి అలవాటు కావాలి. తల్లి ఉండగానే వారానికి రెండు రోజులు ఇంకొకరు స్నానం చేయించాలి, తినిపించాలి. ఒక రాత్రి తల్లి వేరే ఇంట్లో పడుకోవాలి. మొదట్లో ఇద్దరికీ కష్టంగానే ఉంటుంది.

ఆ తల్లి సంక్రాంతి తర్వాత మళ్ళీ వచ్చింది. నొప్పి సగం తగ్గింది, మాత్రలు మానలేదు. నోటుపుస్తకం మూడు పేజీలు నిండింది. తమ్ముడి కోడలు మంగళ, శుక్రవారాలు వస్తోందట. మొదటి వారం ఆ పిల్ల పెడితే వాడు నోరు తెరవలేదట. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, రైలు పోయిందాకా ఆగి పెడితే తింటున్నాడట.